ముళ్ళపొదలో చెయ్యి పెట్టకుండా కలుపు తీయు విధానం తెలుపగోరి

నీలీధార్ మేతబీడు,
రుండ్లా కనుమ దిగువ.
ఆగస్టు నెల, ఆఖరి సోమవారం.

డివిజను అటవీ అధికారి గారి సముఖానికి, ఘరోలా గ్రామ గద్దీ తెగ కాపరుల తరఫున మోహర్ సింగ్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ కార్యాలయం నుండి ఒకే రోజున వెలువడిన రెండు ఉత్తర్వులలో మేము దేనిని ఉల్లంఘించవలెనో తెలియజేయుట గురించి, మరియు ఒక ఇనుప పట్టకారు గురించి.

తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను పూర్వం జిల్లా పత్రికకు ఈ లోయ వార్తలు పంపుతూ ఉండేవాడిని. మా అన్న మోకాలు విరిగినప్పటి నుండి మా వదిన సుర్మో, నేను కలిసి ఆయన మందను తోలుతున్నాము. నీలీధార్‌లో మాతో కలిపి ఐదు మందలు ఉన్నాయి. అర్జీ రాయడం నాకు అలవాటని మిగతా నలుగురు ఈ పని నాకు ఒప్పజెప్పారు. కింద రాసినవి నేను కళ్ళారా చూసినవి, లేదా చూసినవారిని అడిగి సరిచూసుకున్నవి. విశేషణాలు వీలైనంత తగ్గించాను. ఎక్కడైనా మిగిలి ఉంటే అవి వదిన పక్కన కూర్చుని రాయించినవిగా గ్రహించగలరు.

1. తమ ఉత్తర్వులో "విదేశీ దురాక్రమణ జాతి" అని పేర్కొన్న మొక్కను మేము పరదేశి అంటాము. తెల్ల రేకులు, పసుపు బొడ్డు. చూడటానికి బాగుంటుంది కాబట్టే మొదట్లో ఎవరూ పీకలేదు. దాని గింజ సూదిలా ఉండి, చివర మేకపిల్ల కొమ్ముల్లాంటి రెండు కొమ్ములు ఉంటాయి. వాటితో ఊలును పట్టుకుంటుంది. కింద రోడ్డు పక్కన పెరిగేది మా గొర్రెల ఊలు పట్టుకుని ఇంత ఎత్తుకు ఎక్కింది. ఈ మాట మేము కాదనడం లేదు. తమ శాఖ గార్డు గారి ఉన్ని మేజోళ్ళు పట్టుకుని కూడా ఎక్కింది. ఆ మాట ఆయన కాదంటున్నారు.

ఇక్కడ బయటి నేల మీద పడిన పరదేశి గింజ మొలిచినా నిలవదు. నడి వేసవిలోనూ తెల్లవారేసరికి గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. కానీ గొర్రె ముళ్ళపొదను రాసుకుంటూ పోతుంది. ముళ్ళు దాని ఊలును దువ్వుతాయి. గింజ పొద లోపల రాలుతుంది. లోపల గాలి కొట్టదు, తడి ఆరదు, మేక మూతి అందదు. మందుకు పనికొచ్చే ధూపం మొక్కలూ కటుకరోహిణీ చిన్నతనంలో బతికేది ఆ పొదల చాటునే. వాటిని సాకిన పొదే దీన్నీ సాకుతోంది. ఎవరి బిడ్డవని అడగదు. మేము మజిలీ మజిలీకి ఆగి కొండ ఎక్కినట్టే పరదేశి పొద పొదకూ ఆగి కనుమ వైపు ఎక్కుతోంది.

దీన్ని తీసేయాలని తమకంటే మాకే తొందర ఎక్కువ. ఆ గింజ గొర్రెపిల్ల కంట్లో దిగితే కన్ను పోతుంది. నిరుడు మా మందలో రెండు పిల్లలు అలా గుడ్డివయ్యాయి.

2. ఇక ఉత్తర్వుల సంగతి. మొదటిది కలుపు నిర్మూలన విభాగం వారిది. తమరు సెప్టెంబరులో తనిఖీకి వచ్చునాటికి బీడులో ఒక్క పరదేశి కనిపించినా ఆ బీడు కాపరులందరి మేత పర్మిట్లు రద్దు. రెండవది దాదిమొక్కల సంరక్షణ విభాగం వారిది. ముళ్ళపొదలు తక్కిన మొక్కలకు దాదులు కాబట్టి, వాటిలో "చేయి, కాలు, పనిముట్టు లేదా పశువు మూతి" పెట్టిన కాపరి పర్మిట్టు రద్దు. రెండింటి కింద తమ సంతకమే ఉంది. విడివిడిగా చూస్తే రెండూ సరైనవే.

అయితే పరదేశి ముళ్ళపొదలో తప్ప ఈ బీడులో మరెక్కడా లేదు. పీకితే రెండో ఉత్తర్వు ప్రకారం పోతాము. పీకకపోతే మొదటి దాని ప్రకారం పోతాము. పర్మిట్టు పోయిన మంద వేసవికి ఎక్కడికీ ఎక్కలేదు. కింద మేత లేదు. అమ్ముకోవడం ఒక్కటే మిగులుతుంది. మా అన్న మోకాలితో వేరే పని చేయలేడు.

గార్డు బుధి సింగ్ గారు మొదటి ఉత్తర్వు ఎడమ జేబులో, రెండోది కుడి జేబులో పెట్టుకుని తిరుగుతారు. జూలైలో మేము ఆయనను ఆపి అడిగాము.

"గార్డు సాబ్, లోపలున్న మొక్కను బయట నిలబడి పీకడం ఎలాగ?"

ఆయన రెండు కాగితాలూ తీసి రెండేసి సార్లు చదివారు.

"పీకమని ఇందులో ఉంది. చెయ్యి పెట్టొద్దని ఇందులో ఉంది. ఎలాగన్నది రెండింట్లోనూ లేదు."

"మరి మీరేమంటారు?"

"నేను అనేవాణ్ణి కాదు మోహర్, రాసేవాణ్ణి. ఎవడు చెయ్యి పెడితే వాడి పేరు రాస్తాను. అంతే నా ఉద్యోగం."

మాలో పెద్దవాడు, మేమంతా పెదనాన్నా అని పిలిచే ఛుహ్రు రామ్, పొద ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అయితే దాన్నే బయటికి రమ్మని పిలుద్దాం. మా కుక్క పిలిస్తే వస్తుంది కదా. ఒరే మోహరూ, నువ్వు పేపరోడివి, ఇది ఏ దేశం మొక్కో, ఏ భాషలో పిలవాలో కనుక్కో."

"ఎకసెక్కాలొద్దు పెదనాన్నా," అన్నారు గార్డు గారు.

"ఎకసెక్కం నాదా, నీ రెండు జేబులదా?"

గార్డు గారు జేబుల గుండీలు పెట్టుకుని వెళ్ళిపోయారు.

3. ఇది ఎక్కి వచ్చేటప్పటి సంగతి. జూన్‌లో చెక్‌పోస్టు వద్ద గొర్రెలను, మేకలను, కుక్కలను దువ్విన తరువాతనే పైకి వదలవలెనని తమరు ఆదేశించారు. గొర్రెలు ఊరుకున్నాయి. మేకలు ఊరుకోలేదు. మా కుక్కల మెడలకు చిరుతపులి పట్టకుండా ఇనుపముళ్ళ పట్టీలు ఉంటాయి. వాటిని దువ్వబోయిన సిబ్బందికి తగిలిన గాయాలకు మేము బాధ్యులం కామని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాము.

ఆ తరువాత మా నడుములకు చుట్టుకున్న దోరాలు విప్పమన్నారు. దోరా అంటే నల్ల ఉన్నితాడు. ఒకడిది విప్పి పరిస్తే చెక్‌పోస్టు ప్రాంగణం ఈ కొస నుండి ఆ కొసకు వస్తుంది. కనుమ దేవత ముందు నడుము విప్పుకుని నిలబడకూడదని మా కట్టుబాటు. ఎక్కేటప్పుడు కట్టిన దోరా దిగి ఇల్లు చేరాకనే విప్పుతాము.

"పెదనాన్నా, తాడు విప్పు. దువ్వాలి."

"గొర్రెను దువ్వావు, కుక్కను దువ్వావు, ఇప్పుడు తాడునా? నా మీసం కూడా ఉంది, దాన్ని మాత్రం ఎందుకు వదిలిపెట్టడం!"

"రూలు."

"బుధీ, నాయనా, ఈ తాడు విప్పితే నేను రెండు ముక్కలై పడిపోతాను. అప్పుడు పర్మిట్టు పైముక్కకిస్తావా, కిందిముక్కకా?"

"పర్మిట్టు మీద నీ ఫొటో ఉంది. మొహం ఏ ముక్కకుంటే దానికి."

చివరకు దేవత వైపు వీపు పెట్టి విప్పడానికి పెదనాన్న ఒప్పుకున్నాడు. గార్డు గారు ఒక కొస పట్టుకున్నారు, పెదనాన్న బొంగరంలా తిరిగాడు. తిరిగి తిరిగి కళ్ళు తిరిగి మేకల మధ్య కూర్చుండిపోయాడు. దోరా మడతల్లోంచి పిల్లనగ్రోవి, గోనెసూది, బెల్లంముక్క, ఇంటి పెట్టె తాళంచెవి రాలాయి. ఆ తాళంచెవి పోగొట్టింది కోడలని ఆయన మూడేళ్ళుగా అందరికీ చెబుతున్నాడు. అందరం ఉండగా అది దొరకడం వలన కలిగిన అవమానానికి నష్టపరిహారం కోరమన్నాడు. కోరడం లేదు, నమోదు మాత్రం చేస్తున్నాను.

దోరాల నుండి పరదేశి గింజలు దోసెడు రాలిన మాట వాస్తవం. దువ్వెన ఉత్తర్వు సబబైనదేనని ఒప్పుకుంటున్నాము. మా ఫిర్యాదు ఆ తరువాతి పని గురించి. రాలిన గింజలను సిబ్బంది చీపురుతో ఊడ్చి, గేటుకు పైవైపున ఉన్న ముళ్ళకంచెలో పోశారు. కంచె కూడా ముళ్ళపొదే. ఆ గింజలకు వేరే ఉత్తర్వు ఏదీ అందలేదు కాబట్టి అవి మొలిచాయి. మేము మళ్ళీ దిగేటప్పుడు ఆ కంచెనే రాసుకుంటూ దిగాలి.

4. పట్టకారు గురించి. జూలై ఆఖరున మేము ఐదుగురమూ ఒక పొద చుట్టూ బోర్లా పడుకుని, చెయ్యి పెట్టకుండా లోపలి మొక్కను అందుకునే మార్గం వెతుకుతున్నాము. కర్రకు ఉచ్చు కట్టి చూశాము. గొర్రెలకు ఉప్పు పెట్టే రాయి మీద ఎక్కి పైనుండి చూశాము. వదిన నీళ్ళకు వెళుతూ ఆగింది.

"ఏమయింది? ఎవరైనా పోయారా?"

"కలుపు తీస్తున్నాం వదినా."

"ఇంతమంది పడుకునా? నేను ఒక్కదాన్ని నిలబడి మీ ఐదుగురికీ వండుతున్నాను."

ఇంకా కొన్ని మాటలు అన్నది. అవి విశేషణాలు. తరువాత పొయ్యి దగ్గరకు వెళ్ళి రొట్టెలు తిప్పే పట్టకారు తెచ్చి పెదనాన్న ముందు పడేసింది.

"ఇంద. రొట్టెల వేళకు తెచ్చి ఇవ్వండి. మసి కడగక్కర్లేదు, మట్టి మాత్రం కడగండి."

పట్టకారు పొడుగైనది. ముళ్ళ సందులోంచి వెళ్ళింది. మొక్క మొదలు పట్టుకుని మెల్లగా మెలితిప్పితే వేరుతో సహా వచ్చింది. పక్కనున్న ధూపం మొక్క కదలలేదు. సాయంత్రానికి మూడు పొదలు శుభ్రమయ్యాయి. గింజ పట్టకముందే తీశాము కాబట్టి, పరదేశి ఒక్క ఏడాదే బతికే మొక్క కాబట్టి, ఆ పొదల్లో దాని పని చాలావరకు అయిపోయినట్టే. నాలుగో పొద దగ్గర గార్డు గారు వచ్చారు. కుడి జేబు కాగితం తీశారు.

"పనిముట్టు."

"పనిముట్టు కాదు సాబ్, వంటింటి సామాను," అన్నాను.

"ఇక్కడ వంటిల్లెక్కడుంది?"

వెనక నుండి వదిన అన్నది: "నువ్వు నిలబడ్డదే వంటిల్లు. బూట్లు విప్పు!"

గార్డు గారు నిజంగానే ఒక బూటు తాడు విప్పబోయి ఆగారు.

"చూడమ్మా, పొయ్యి దగ్గరుంటే అది సామాను. పొదలో ఉంటే పనిముట్టు. నేను చూసేసరికి ఎక్కడుంది?"

"నీ కళ్ళు ఎక్కడున్నాయో అక్కడే ఉంది."

"స్వాధీనం చేసుకుంటున్నాను."

ఎవరి పేరు రాసుకుంటున్నారని అడిగాను. ఎవరి పేరూ రాయడం లేదన్నారు. "తప్పు చేసింది పట్టకారు. దానికి పర్మిట్టు లేదు, రద్దు చేయడానికి," అన్నారు. పట్టకారును ఉత్తర్వులతో పాటు జేబులో పెట్టుకోబోతే పట్టలేదు. తుపాకీలా భుజాన వేసుకుని వెళ్ళారు.

5. అయ్యా, ఈ ఎత్తున పొయ్యి మీద మక్కరొట్టె కాల్చడం అంటే ఏమిటో తమకు తెలియకపోవచ్చును. పెనం మీద ఒకవైపు కాల్చి, తీసి, నిప్పుల మీద వేసి, పొంగేలోపు తిప్పాలి. పట్టకారు లేకుండా తిప్పేందుకు ఇదివరకు మేము చేసిన ప్రయత్నాలు ఇవి: ధూపం పుల్లలు రెండు (అంటుకున్నాయి), కొండమేక కొమ్ములు రెండు (వంకరగా ఉండి రొట్టె ఎగిరి కుక్కకు అందింది, ఆ రోజు నుండి కుక్క పొయ్యి దగ్గర నుండి కదలడం లేదు, మంద దగ్గర కాపలా లేదు), పెదనాన్న దోరా కొస (ఆ సంగతి ఆయన రాయవద్దన్నాడు), చేతివేళ్ళు.

ప్రస్తుతం చేతివేళ్ళు వాడుతున్నాము. బొటనవేలు, చూపుడువేలు బొబ్బలెక్కాయి. ఈ అర్జీలో అక్షరాలు వంకరగా ఉంటే కారణం అదే, నిర్లక్ష్యం కాదు. వదిన మాట ఉన్నదున్నట్టుగా తమకు చేరవేయమన్నది: "కలుపు ఆ సాబ్ కాగితంలో ఉంది, పట్టకారు ఆ సాబ్ ఆఫీసులో ఉంది, మాడిన రొట్టె మాత్రం నా మొగుడి తమ్ముడి నోట్లో ఉంది. సాబ్‌ను కూడా ఒక పూట తినమను."

పై మాటను ఆహ్వానంగా స్వీకరించ ప్రార్థన.

6. పొదలనే నరికేస్తే సరిపోతుందని కలుపు విభాగం వారు గార్డు గారి ద్వారా సూచించినట్టు తెలిసింది. దీని మీద మా వద్ద ఒక సమాచారం ఉంది. రెండేళ్ళ కిందట దిగువ మలుపు వద్ద కూలీలను పెట్టి పొదలన్నీ మొదలంటా నరికించారు. ఆ ఏడు అక్కడ పరదేశి లేదు. మరుసటి ఏడు కూడా లేదు. ధూపం మొక్కలు కూడా లేవు. నీడ పోయి ఎండకు కొన్ని, మంచుకు కొన్ని చచ్చాయి. మిగిలినవి మా మేకలే తిన్నాయి, అది దాచను. కటుకరోహిణి మాడింది. వానకు మట్టి జారి రాయి తేలింది. ఇప్పుడు అక్కడ నిషేధించడానికి కూడా ఏమీ లేదు. పొద ఉన్నచోట శత్రువు ఒకడు, బిడ్డలు పదిమంది ఉంటారు. ఏరి తీయాలి. ఏరడానికి ఏదో ఒకటి లోపలికి వెళ్ళాలి. తమ రెండో ఉత్తర్వుకు, మా ఆవశ్యకతకు మధ్య ఉన్న తగాదా ఇంతే.

7. ఇది ఫిర్యాదు కాదు, విచారణ కొరకు సమాచారం. ఆగస్టు రెండో వారం నుండి మా పొదల్లో పరదేశి దానంతటదే తగ్గుతోంది. సాయంత్రం చూసిన మొక్క పొద్దున్నే ఉండదు. వేరుతో పోతోంది. పొద చెదరదు, ధూపం మొక్కలు చెదరవు. పీకిన కుప్ప కూడా ఎక్కడా కనిపించదు. కాపరులందరినీ విడివిడిగా అడిగాను. ఎవరూ చెయ్యి పెట్టలేదు. చేతులు చూశాను: కాలిన గుర్తులు ఉన్నాయి, గీరిన గుర్తులు లేవు.

ఛుహ్రు పెదనాన్న అభిప్రాయంలో ఇది కనుమ దేవత పని. తాను వీపు పెట్టి మరీ నడుము విప్పినందుకు ఆమె సంతోషించిందట. పొద దగ్గర రాతి మీద నెయ్యి రాసిన రొట్టె నైవేద్యం పెట్టాడు. పొద్దున్నకు అదీ లేదు.

"చూశావా, తల్లి ఆరగించింది," అన్నాడు పెదనాన్న.

"అది అడుగు మాడిన రొట్టె. దేవత ముట్టదు," అన్నది వదిన. "ఎవడో మనకంటే ఆకలి మీదున్నవాడు తిన్నాడు."

మా భయం ఏమనగా, తనిఖీనాడు తమరు పొదల్లో పీకిన గుంటలు చూసి, అది మా పనే అనుకుని రెండో ఉత్తర్వు ప్రకారం అందరి పర్మిట్లూ రద్దు చేయవచ్చును. ఈ సంగతి గార్డు గారికి నోటిమాటగా తెలియజేశాను. ఆయన కుడిచెయ్యి జేబులోంచి తీయకుండానే "చూస్తాను" అన్నారు. ఇప్పటివరకు చూసినట్టు లేదు.

8. కావున తమ దయను కోరునది:

పొదను నరకకుండా, కదపకుండా, గింజ పట్టకముందు కలుపును మాత్రం తీసేందుకు రెండో ఉత్తర్వులో ఒక్క వాక్యం చేర్చవలెను. దువ్విన గింజలను కంచెలో పోయక నిప్పులో వేయించవలెను. పొదల్లో జరుగుతున్న అజ్ఞాత కలుపుతీత మీద విచారణ జరిపించి, దోషి దేవత అయినచో మమ్మల్ని, మనిషి అయినచో దేవతను, బాధ్యత నుండి తప్పించవలెను. మా పట్టకారు మాకు ఇప్పించవలెను. దోరాలు దువ్వదలచినచో దిగి వచ్చాక మా ఇళ్ళ వద్ద దువ్వవలెను. పెదనాన్న కోడలు ఇందుకు సంతోషంగా సహకరించగలదు.

పై సంగతులన్నీ తీరికగా చిత్తగించి, వీలైతే రొట్టెల వేళ లోపుగా, తగిన ఉత్తర్వు దయచేయించవలెను.

తమ విధేయుడు,
మోహర్ సింగ్,
మరియు నీలీధార్ కాపరులు (సంతకాలు, వేలిముద్రలు ఇందు వెనుక).

తా.క.: అయ్యా, ఈ అర్జీ మంగళవారం పొద్దున్నే పట్టుకుని తమ కార్యాలయానికి బయలుదేరాను. ఉప్పురాళ్ళ మలుపు దాటాక, ఆఖరి పెద్ద పొద పక్కన, ఒక టోపీ గడ్డిలో పడి ఉంది. టోపీ మీద తమ శాఖ ముద్ర ఉంది. కొంచెం ముందుకు వెళితే రెండు బూట్లు కనిపించాయి. బూట్లకు మనిషి ఉన్నాడు. గార్డు బుధి సింగ్ గారు బోర్లా పడుకుని, భుజం దాకా పొదలో ఉన్నారు. చేతిలో మా పట్టకారు.

నేను దగ్గాను. ఆయన తల తిప్పబోతే ముల్లు చెవికి తగిలింది.

"మోహర్, నువ్వేనా? కదిలించకు. ఒక్కటుంది లోపల. పట్టుకున్నాను."

తీశారు. వేరుతో వచ్చింది. పక్కన గోనెసంచి ఉంది. అందులో వేసి లేచి కూర్చున్నారు. కుడిచెయ్యి మోచేతి దాకా గీట్లు. అరచేతికి గుడ్డ కట్టి ఉంది, గుడ్డ మీద నెత్తురు.

"సాబ్, ఇదేమిటి? మీరు లాక్కున్నదే మీరు పొదలో పెడుతున్నారు."

"లాక్కోకపోతే మీరు పెడతారు. మీరు పెడితే నేను రాయాలి. రాస్తే పర్మిట్టు పోతుంది." చెవి తుడుచుకున్నారు. "నేను పెడితే రాసేవాడు ఎవడున్నాడిక్కడ? రాసేవాణ్ణి నేనే."

"మాకు చెప్పొచ్చు కదా?"

"చెబితే నీకు తెలుస్తుంది. తెలిస్తే నువ్వు రాస్తావు. నువ్వు పేపరోడివి."

"మరి ఇంత కష్టం దేనికి సాబ్?"

"మీ పర్మిట్లు పోతే ఈ కొండ మీద నేను దేనికి గార్డును? రాళ్ళకా?" సంచి మూతి ముడివేస్తూ అన్నారు: "ఆ నెయ్యి రొట్టె ఎవరు పెట్టారు? మాడినా బాగుంది."

నా చేతిలో కాగితాలు చూసి ఏమిటన్నారు. ఇచ్చాను. గడ్డిలో కూర్చుని మొదటి నుండి చివరిదాకా చదివారు. తాళంచెవి దగ్గర నవ్వారు. ఆరో అంశం రెండుసార్లు చదివారు. ఏడో అంశం దగ్గర "దోషి" అన్న మాటను వేలితో చూపించారు.

"ఇక్కడ నా పేరు పెట్టు."

"పెడితే మీ ఉద్యోగం సంగతి?"

"పెట్టకపోతే ఈ చేతి సంగతి పెద్ద సాబ్‌కు ఏం చెప్పను? పిల్లి గీరిందనా? తనిఖీకి ముందు ఇంకా పై గట్టు పొదలున్నాయి. దాక్కుని చేస్తే అవవు. ఆ వాక్యమేదో సాబ్ చేరిస్తే పగలు చేస్తాం, అందరం."

తరువాత మజిలీకి వచ్చారు. వదిన ఆయన చెయ్యి చూసింది, పట్టకారు చూసింది. తిట్టడానికి నోరు తెరిచి మూసింది. నేను ఆమెను ఎరిగినప్పటి నుండి ఇది మొదటిసారి. పొయ్యి వైపు తిరిగి అన్నది: "బూట్లు విప్పి కూర్చో. ఇది వంటిల్లు." పట్టకారు అడుగుతుందనుకున్నాము. అడగలేదు. ఆయనకు నాలుగు రొట్టెలు చేత్తోనే తిప్పి పెట్టింది.

కావున పై అర్జీలో ఈ కింది సవరణలు మన్నించవలెను. ఏడో అంశంలో కోరిన విచారణ పూర్తయింది. దోషి మనిషి. దేవతను తప్పించవచ్చును. పట్టకారు తిరిగి ఇప్పించమన్న కోరికను ఉపసంహరించుకుంటున్నాము; అది గార్డు గారి దగ్గరే ఉండనివ్వండి. మాకు ఇంకొకటి మంజూరు చేయండి. వీలైతే మోచేతుల దాకా వచ్చే తోలు తొడుగులు ఒక జత కూడా, ఆయన కొలతకు. రెండో ఉత్తర్వును మార్చడం సాధ్యం కానిపక్షంలో, దాని ప్రకారం ఎవరి పర్మిట్టు రద్దు చేయాలో ఆయనకు పర్మిట్టే లేదని గమనించగలరు.

వెనుక పేజీలో కాపరుల సంతకాల కింద ఉన్న ఎడమచేతి వేలిముద్ర, చదువు రాని కాపరిది కాదు. గార్డు బుధి సింగ్ గారిది. ఆయనకు సంతకం చక్కగా వచ్చును. కుడిచేతికి కట్టు ఉంది.